దెబ్బకన్నా ముందు చేరాల్సిన కబురు

అణుపరీక్షల గురించి చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట ఒక అనుమానం తగులుతుంది. బాంబు పేలినచోట ఉక్కు టవరే ఆవిరైపోయింది అంటారు, ఇసుక కరిగి గాజయింది అంటారు. మరి కొలవడానికి దగ్గర పెట్టిన పరికరాలు ఎలా మిగిలాయి? మిగలకపోతే ఆ అంకెలన్నీ ఎక్కడినుంచి వచ్చాయి?

న్యాయమైన అనుమానమే. బాంబు పేలిందా లేదా అన్నది ఏ పరికరమూ లేకుండానే చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ తెలిసిపోతుంది. శాస్త్రజ్ఞులకు కావలసింది అది కాదు. ఎలా పేలింది, లోపల చర్య ఎంత వేగంగా పెరిగింది, మొత్తం శక్తి ఎంత, అందులో వేడి ఎంత, గాలిదెబ్బ ఎంత? ఈ లెక్కలు దొరక్కపోతే అది పరీక్ష కాదు, ఖరీదైన టపాసు. అందుకే పరీక్షాస్థలంలో బాంబు దగ్గర పనిచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు. గోతులు తవ్వేవాళ్లు, కాంక్రీటు పోసేవాళ్లు, తీగలు లాగేవాళ్లు వందలమంది. వాళ్ల పని గురించే ఈ అధ్యాయం.

ఎవరు ముందు చేరతారు?

చెరువు అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్లను ఇవతలి గట్టునుంచి చూడండి. బట్ట బండమీద పడినట్టు కనబడుతుంది, చప్పుడు మాత్రం వినబడదు. చెయ్యి మళ్లీ పైకి లేచాక అప్పుడు ‘ధబ్’మని వినిపిస్తుంది. జరిగింది ఒకటే, కబుర్లు మాత్రం రెండు. కంటికి వచ్చే కబురు ముందు చేరింది, చెవికి వచ్చేది వెనకబడింది. ఆ మధ్య వ్యవధిలో మనకు విషయం తెలుసు, చప్పుడు మాత్రం ఇంకా మనల్ని తాకలేదు.

అణుపరీక్షలో కొలత అంతా ఆ మధ్య వ్యవధిలోనే జరుగుతుంది. బాంబునుంచి బయలుదేరే వెలుతురు, గామా కిరణాలు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతాయి. కిరణం తగిలిన పరికరంలో పుట్టే విద్యుత్ సంకేతం తీగలో అంతకంటే కొంచెం నెమ్మదిగా పోతుంది, అయినా అదే కోవ. నాశనం చేసేది వీటి వెనక వచ్చే ఒత్తిడి కెరటం, ఇంగ్లీషులో షాక్‌వేవ్ అంటారు. అది మొదట్లో ఎంత ఉధృతంగా ఉన్నా త్వరగానే మామూలు శబ్దవేగానికి, అంటే సెకనుకు 340 మీటర్ల దరిదాపులకు దిగిపోతుంది. ముప్పాతిక కిలోమీటరు దూరంలో ఒక పెట్టె ఉందనుకోండి. గామా కిరణం దాన్ని సెకనులో పది లక్షల వంతులు రెండున్నరలో చేరుతుంది. హిరోషిమా తరగతి బాంబైతే ఒత్తిడి కెరటం అక్కడికి రావడానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. మనకు సెకను ఏపాటిది? ఆ పెట్టెకు మాత్రం అది ఒక యుగం. చెప్పాల్సింది చెప్పేసి, ఆ తర్వాత నలిగిపోవచ్చు.

కాబట్టి మొదటి అనుమానానికి జవాబు ఇది: దగ్గరి పరికరాలు మిగలనక్కర్లేదు. అవి పంపిన కబురు అందుకుని దాచే చోటు మిగిలితే చాలు.

లోపలి చర్యను పట్టుకోవడం మాత్రం ఇంకా కష్టం. ఒక పరమాణువు చీలి, అందులోంచి వచ్చిన న్యూట్రాన్ మరొకదాన్ని చీల్చడానికి పట్టే కాలం సెకనులో పది కోట్ల వంతు. మొదటి అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో పనిచేసినవాళ్లు దీనికి ‘షేక్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఒక షేక్ కాలంలో వెలుతురు పోగలిగేది మూడు మీటర్లే. ముప్పై మీటర్ల టవరు పైనుంచి కిందికి రావడానికే పది షేకులు పడతాయన్నమాట. ఈ లెక్కన తీగ పొడవులో తేడా వస్తే కొలతలోనూ తేడా వస్తుంది. ఏ తీగ ఎంత పొడవో, అందులో సంకేతం ఎంత ఆలస్యమవుతుందో ముందే లెక్క కట్టి రాసుకోవాలి.

ఎడారిలో తీగల పంట

మొట్టమొదటి పరీక్ష ‘ట్రినిటీ’ 1945 జులై 16న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, హోర్నాడా డెల్ ముయెర్తో అనే ఎడారి మైదానంలో జరిగింది. నిర్వహణ బాధ్యత కెనెత్ బెయిన్‌బ్రిడ్జ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడిది. ఆయనకు దొరికిన నేలలో ఏమీ లేదు. అక్కడి బావినీళ్లు తాగడానికి పనికిరావు, సొకోరో పట్నంనుంచి లారీల్లో తెచ్చుకునేవారు. పక్కనే సైన్యం బాంబులు వేయడం నేర్పే మైదానం. మే నెలలో విమానాలవాళ్లు గురి తప్పి ఈ శిబిరంమీదే సాధన బాంబులు వేశారు, ఒకటి వడ్రంగి షెడ్డు దగ్గర, ఇంకొకటి గుర్రపుశాల దగ్గర. చరిత్రలోకెల్లా రహస్యమైన శిబిరం కనుక అక్కడ మనుషులున్నారని ఆ పైలట్లకు ఎవరూ చెప్పి ఉండరు.

మధ్యలో 30 మీటర్ల ఉక్కు టవరు నిలిపారు. దాన్నుంచి ఉత్తరానికి, పడమరకు, దక్షిణానికి పదివేల గజాల దూరంలో, అంటే తొమ్మిది కిలోమీటర్లకు పైన, మూడు స్థావరాలు కట్టారు. చెక్క, కాంక్రీటు గదులు, వాటిమీద మట్టి కట్ట. ఉత్తరపు స్థావరంలో ప్రధానంగా కొలతలు రాసుకునే యంత్రాలు, పడమటి దానిలో సెర్చిలైట్లు, దక్షిణపు దానిలో పేల్చే మీటలు. వీటిలోనే మనుషులుంటారు. టవరుకు వీటికి మధ్య ఎడారి అంతా చిన్న చిన్న గోతులు, పెట్టెలు, కెమెరా గూళ్లు, వాటినన్నిటినీ కలుపుతూ కొన్నిచోట్ల స్తంభాలమీద, కొన్నిచోట్ల భూమిలో పాతిన తీగలు.

మామూలు కరెంటు తీగ ఈ పనికి పనికిరాదు. అంత వేగంగా ఎగసిపడే సంకేతం మామూలు తీగలో సాగిపోయి మొద్దుబారుతుంది. నడుమ ఒక తీగ, దాని చుట్టూ ఎడంగా ఒక లోహపు తొడుగు ఉండే కోయాక్సియల్ కేబుల్ కావాలి. మన ఇళ్లకు కేబుల్ టీవీ తెచ్చిన నల్లతీగ ఆ జాతిదే. ఆ చివర, కిరణం తగలగానే కరెంటు పుట్టించే అయనీకరణ గది. ఈ చివర, కరెంటు ఎగుడుదిగుళ్లను తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోపు. గీత కనబడేది రెప్పపాటులో వందో వంతు కూడా కాదు, అందుకని తెరకెదురుగా కెమెరా. ఇటలీనుంచి వలస వచ్చిన బ్రూనో రోసీ బృందం లోపలి చర్య ఎంత వేగంగా పెరిగిందో పట్టుకున్నది ఇలాంటి ఏర్పాటుతోనే. దానికి రెండో అవకాశం లేదు. కెమెరా ఒక్క క్షణం ముందు తెరుచుకున్నా, వెనక తెరుచుకున్నా చేతికి వచ్చేది ఉత్త ఫిల్మే.

అందుకే బెయిన్‌బ్రిడ్జ్ ఒక రిహార్సల్ పెట్టారు. మే 7న, అసలు టవరుకు కొంత దూరంలో, చెక్కవేదికమీద 108 టన్నుల టీఎన్‌టీ పేర్చి పేల్చారు. ఆ పేలుడు పదార్థం మధ్యలో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కూడా ఉంచారు, అది నేలమీద ఎలా పరుచుకుంటుందో చూడటానికి. అసలు ఉద్దేశం మీటర్లకు కొలత దిద్దడం. 108 టన్నులని కచ్చితంగా తెలిసిన పేలుడుకు ముల్లు ఎంత కదిలిందో చూస్తేగదా, తెలియని పేలుడుకు కదిలినప్పుడు అర్థం చెప్పగలం! రిహార్సల్ నేర్పిన పాఠాల్లో శాస్త్రం కంటే సంసారమే ఎక్కువ. దారులు అధ్వాన్నం, దుమ్ముకు జీపులూ పరికరాలూ పాడవుతున్నాయి, ఫోన్లూ వాహనాలూ చాలవు. ఆ తర్వాత ఎడారిలో తారు రోడ్లు పడ్డాయి.

ఇంకొకటి కూడా నిర్ణయించారు: ఒక తేదీ దాటాక ఎవరూ కొత్త పరికరం తేకూడదు. ప్రయోగశాలలో పనిచేసినవాళ్లకు ఇది ఎంత కటువైన నియమమో తెలుస్తుంది. శాస్త్రజ్ఞుడికి ఆఖరి రోజున తట్టే ఆలోచనే అన్నిటికంటే గొప్పదిగా కనబడుతుంది. ఆ ఆలోచనకోసం ఎవరో ఒక కొత్త తీగ లాగుతారు, ఆ లాగడంలో పాత తీగ తెగుతుంది.

ఎంతకని కొలబద్ద గియ్యాలి?

బియ్యం తూచే కాటామీద బంగారం తూచలేం, బంగారం తూచే త్రాసులో బియ్యం బస్తా వెయ్యలేం. ఏ పరికరానికైనా ఒక హద్దు ఉంటుంది. మరి పేలుడు ఎంతుంటుందో తెలియనప్పుడు హద్దు ఎక్కడ పెట్టాలి?

ట్రినిటీకి ముందు శాస్త్రజ్ఞులు డాలరు చొప్పున పందెం కాసుకున్నారు. లాస్ అలమోస్ అధిపతి ఓపెన్‌హైమర్ 300 టన్నుల టీఎన్‌టీకి సమానం అన్నారు. ఎడ్వర్డ్ టెల్లర్ 45,000 అన్నారు. ఆలస్యంగా వచ్చిన ఇసిడోర్ రాబీకి మిగిలినది 18,000, చివరికి పందెం గెలిచింది ఆయనే. నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, పరికరాలు అమర్చేవాడి స్థానంలో కూర్చుని చూడండి. ప్రపంచంలో ఆ విషయం తెలిసిన కొద్దిమంది మేధావుల అంచనాల మధ్య 150 రెట్ల తేడా! తక్కువకు అమరిస్తే ముల్లు చివరకు కొట్టుకుని ఆగిపోతుంది. ఎక్కువకు అమరిస్తే ముల్లు కదలనే కదలదు.

దీనికి వాళ్లు చేసిన ఉపాయం ఒకేదాన్ని పదిరకాలుగా కొలవడం. వాటిలో నాకు బాగా నచ్చినదానికి తీగ లేదు, కరెంటు లేదు. పెట్టెకు చిన్నవీ పెద్దవీ వరసగా రంధ్రాలు చేసి, వాటిమీద పల్చని అల్యూమినియం రేకు బిగించడం, అంతే. పెద్ద రంధ్రంమీది రేకు కొద్ది ఒత్తిడికే చిరుగుతుంది, చిన్నదానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. పేలుడయ్యాక వెళ్లి ఎంత చిన్న రంధ్రం దాకా చిరిగిందో చూసుకుంటే ఒత్తిడి తెలిసిపోతుంది. ఎన్‌రికో ఫెర్మీ పద్ధతి దీనికి అన్నలాంటిది. 16 కిలోమీటర్ల దూరంలో బేస్‌క్యాంపులో నిలబడి, దాదాపు 40 సెకన్ల తర్వాత గాలిదెబ్బ వచ్చినప్పుడు కాగితం ముక్కలు వదిలారు. అవి రెండున్నర మీటర్లు జరిగాయి. పదివేల టన్నులని అంచనా వేశారు.

ఖరీదైన విద్యుత్ పరికరాల గతి వేరేలా అయింది. పేలుడుతోపాటే ఒక బలమైన విద్యుదయస్కాంత తాకిడి పుడుతుందని ఫెర్మీ ముందే లెక్కగట్టారు. అందుకని సంకేతాల తీగలన్నిటికీ లోహపు తొడుగు, చాలాచోట్ల రెండు తొడుగులు వేశారు. అయినా ఆ క్షణంలో తీగల్లోకి చొరబడ్డ దొంగ కరెంటుకు రికార్డు చేసే యంత్రాలు మొద్దుబారిపోయి చాలా కొలతలు పోయాయి. వాన సంగతి సరేసరి. నాలుగు గంటలకు అనుకున్న పరీక్షను ఉరుముల వాన తెల్లవారుజాము అయిదున్నర దాకా నెట్టింది. పరీక్షకు ముందు ఆ వాన రాత్రి డొనాల్డ్ హోర్నిగ్ అనే పాతికేళ్ల యువకుడు టవరు పైన బాంబు పక్కన కాపలా కూర్చున్నాడు.

కెమెరాలు మాత్రం తమ పని చేశాయి. ఫొటోల బృందానికి జూలియన్ మ్యాక్ పెద్ద. ఉత్తరపు స్థావరం దగ్గర బెర్లిన్ బ్రిక్స్‌నర్ తన కెమెరాను చేత్తో తిప్పుతూ అగ్నిగోళాన్ని చిత్రించారు. దగ్గరి గూళ్లలో ఉక్కు కవచాల వెనక, సీసం కలిపిన మందపాటి గాజు గుండా చూసే వేగపు కెమెరాలున్నాయి. కిరణాలు ఫిల్మును నేరుగా నల్లబరచకుండా ఆ కవచం. ఈ ఫొటోలు బయటపెట్టాక, అగ్నిగోళం ఎన్ని మిల్లీసెకన్లకు ఎంత వెడల్పైందో చూసి, ఇంగ్లండులో కూర్చున్న జి.ఐ. టేలర్ పేలుడు శక్తిని దాదాపు 17,000 టన్నులని లెక్కతేల్చారు.

గాలిదెబ్బ కొలిచిన పరికరాలు మటుకు పదివేల టన్నుల దగ్గరే ఆగాయి. అవి తప్పు చెప్పలేదు. అణుపేలుడు శక్తిలో గాలిదెబ్బగా మారేది సుమారు సగమే, తక్కినది వేడిగా, కిరణాలుగా పోతుంది. మొత్తం లెక్క కావాలంటే నేలనే అడగాలి. సీసపు పలకలు పరిచిన షెర్మన్ ట్యాంకులో హెర్బర్ట్ ఆండర్సన్ పేలుడు గుంట మధ్యకు వెళ్లి మట్టి తెచ్చారు. అందులో చీలిన పరమాణువుల తునకలెన్ని, చీలకుండా మిగిలిన ప్లూటోనియం ఎంత అని రసాయనికంగా లెక్కపెడితే 18,600 టన్నులు వచ్చింది. 2021లో అదే చోటి గాజుమట్టిని ఇప్పటి పరికరాలతో మళ్లీ విశ్లేషించి 24,800 టన్నులని సవరించారు.

2.7 కిలోమీటర్ల చెక్క సొరంగం

ఏడేళ్ల తర్వాత, 1952 నవంబరు 1న, పసిఫిక్ సముద్రంలో ఎనివెటాక్ పగడపు దీవుల్లో ‘మైక్’ అనే హైడ్రోజన్ బాంబు పేల్చారు. శక్తి కోటీ నాలుగు లక్షల టన్నులు. ఇంత పెద్ద పేలుడుకు కొలిచే గదిని కిలోమీటర్ల దూరాన కట్టాలి. కాని అంత దూరంలో గాలి అడ్డొస్తుంది. గామా కిరణాలూ న్యూట్రాన్లూ దారిలో గాలి అణువులకు తగిలి చెదిరిపోతాయి, మొదటి క్షణపు కబురు చెడిపోతుంది.

గాలి అడ్డొస్తే గాలినే తీసేద్దాం అనుకున్నారు! బాంబు ఉన్న ఎలుగెలాబ్ దీవినుంచి బోగన్ దీవిలోని కాంక్రీటు గది దాకా సముద్రంలో కట్ట వేసి దీవులను కలిపారు. ఆ కట్టమీద 2.7 కిలోమీటర్ల పొడవున చెక్కపలకల సొరంగం కట్టి, లోపల హీలియం నింపిన పాలిథిన్ సంచులు వరసగా పెట్టారు. హీలియం పల్చని వాయువు, కిరణాలకు అంతగా అడ్డురాదు. రూపొందించినవాళ్ల పేర దీన్ని క్రౌజ్-ఓగిల్ పెట్టె అంటారు. నెలల తరబడి వడ్రంగులు కట్టిన ఆ సొరంగం పనిచేసింది సెకనులో అతి చిన్న భాగం. ఆ తర్వాత సొరంగమూ లేదు, ఎలుగెలాబ్ దీవీ లేదు. దాని చోట దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు గుంట.

కెమెరాలు కూడా ఈ కాలానికి మారాయి. కెమెరా తలుపు ఎంత చిన్నదైనా కదలడానికి సమయం పడుతుంది కనుక, ఎంఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ అసలు కదలని తలుపు చేశారు. వెలుతురును ఒకే దిశలో వదిలే పొరలు రెండింటిని ఒకదానికొకటి అడ్డంగా పెడితే చీకటే. వాటి మధ్య గాజుముక్క చుట్టూ తీగచుట్టలో ఒక్కసారి బలమైన కరెంటు పంపితే, అయస్కాంత ప్రభావానికి వెలుతురు దిశ మెలితిరిగి రెండో పొర దాటుతుంది. సెకనులో పది కోట్ల వంతు దాకా కుదించగల ఈ తలుపున్న కెమెరా పేరు రాపట్రానిక్. ఒక కెమెరాకు ఒకే ఫొటో. పది ఫొటోలు కావాలంటే పది కెమెరాలు వరసగా నిలబెట్టాల్సిందే.

భూమి కిందికి దిగాక

భూగర్భ పరీక్షలతో లెక్క తిరగబడింది. ఇక్కడ పరికరాలున్న పెట్టె బాంబుతోపాటే బావిలోకి దిగుతుంది, కేబుళ్లు పైకి వస్తాయి, కంకర, ఇసుకతో బావి పూడ్చేస్తారు. పైన ట్రెయిలర్లలో రికార్డు యంత్రాలు. నేల ఎగిరిపడినా అవి తట్టుకునేలా కింద నలిగిపోయే మెత్తలు. కొత్త చిక్కల్లా కేబులే. రేడియోధార్మిక వాయువు మట్టిలోంచి కాకుండా కేబులు లోపలి సందులోంచి పాకి పైకి రాగలదు. అందుకని మధ్యమధ్య దాన్ని లోపలే బిరడా వేసినట్టు మూసేస్తారు.

మన పోఖ్రాన్‌లో 1974 మే 18న బాంబును 107 మీటర్ల లోతు బావిలో పెట్టారు. ఆఖరి తనిఖీకి వెళ్లిన ఇంజనీరు జీపు మొరాయించడంతో పరీక్ష అయిదు నిమిషాలు ఆలస్యమై 8 గంటల 5 నిమిషాలకు జరిగింది. 1998లో అక్కడే మళ్లీ పరీక్షలు జరిపినప్పుడు చిక్కు వేరు, పైనుంచి అమెరికా ఉపగ్రహాలు చూస్తుంటాయి. సైనికులు రాత్రిళ్లు పనిచేసి, తెల్లారేసరికి యంత్రాలను మళ్లీ పాతచోటికే చేర్చారు. తవ్విన ఇసుకను గాలికి ఏర్పడ్డ దిబ్బల్లా దిద్దారు. తీగలమీద అక్కడి తుప్పలే కప్పారు.

బాంబు దాకా తీగ అక్కర్లేని స్థావరం ఒకటి మనవాళ్ల ఇరుగునే ఉంది. హిందూపురంనుంచి బెంగళూరు వెళ్లే రైలుదారిలో గౌరీబిదనూరు వస్తుంది. అక్కడ 1965నుంచి భాభా అణుపరిశోధన కేంద్రంవాళ్ల భూకంపమాపకాలు పొలాల మధ్య వరసగా ఉన్నాయి, ఎక్కడో ఇతర దేశాలు భూమిలో పేల్చే బాంబులను వినడానికి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తీగ లాగని దిక్కు

ఇంత శ్రద్ధగా తీగలు లాగినవాళ్ల పటాలు చూస్తే నాకు ఒకటి కనబడుతుంది. గీతలన్నీ బాంబునుంచి బయలుదేరి పరిశోధకుల గదుల దగ్గర ఆగుతాయి. గాలి ఎటు వీస్తే అటున్న ఊళ్లవైపు పోయే గీత ఒక్కటీ లేదు. ట్రినిటీ రోజున ఆ ఊళ్లవైపు కొలిచే పని జీపుల్లో చేతిమీటర్లతో తిరిగిన కొద్దిమందిది.

1954 మార్చి 1న బికినీ దీవుల్లో ‘బ్రావో’ పరీక్షకు 60 లక్షల టన్నులని అంచనా, పేలింది కోటీ యాభై లక్షలు. అక్కడా వెలుతురును మోసుకెళ్లే గొట్టాలు కిలోమీటర్ల పొడవున పేర్చి ఉన్నాయి, కొలతలు దొరికాయి. 30 కిలోమీటర్లకు పైన దూరంలో కాంక్రీటు గదినుంచి మీట నొక్కిన తొమ్మిదిమంది మాత్రం బూడిద వర్షంలో చిక్కుకుని, చివరకు దుప్పట్లు కప్పుకుని హెలికాప్టర్లకు పరుగెత్తారు. వాళ్లకు కనీసం గోడలున్నాయి. రొంగెలాప్ దీవివాళ్లకు, జపాన్ చేపల పడవ లక్కీ డ్రాగన్‌లోని 23 మందికి అవీ లేవు. ఆ పడవ రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా సెప్టెంబరులో మరణించారు.

ట్రినిటీ బూడిద ఎంత దూరం పోయిందో చెప్పిన పరికరాన్ని ఎవరూ అందుకని అమర్చలేదు. 1945 చివర్లో కోడక్ కంపెనీ ఎక్స్‌రే ఫిల్ములు పెట్టెల్లోనే మచ్చలు పడ్డాయి. కంపెనీ శాస్త్రజ్ఞుడు జూలియన్ వెబ్ ఆరా తీస్తే తప్పు ఫిల్ములది కాదు, వాటి మధ్య పెట్టిన గడ్డి అట్టలది. ఆ అట్టలు ఇండియానా రాష్ట్రంలో విన్సెన్స్ అనే ఊళ్లో, నది నీళ్లతో తయారయ్యాయి. న్యూమెక్సికోనుంచి 1,700 కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి, వానతో నదిలోకి దిగిన పదార్థం ఆ నీళ్లలో ఉంది. వెబ్ తన పరిశోధనను 1949లో అచ్చువేశారు. పరీక్షల కిరణాల వల్ల జబ్బుపడ్డ వాళ్లకు పరిహారమిచ్చే చట్టం అమెరికాలో 1990లో వచ్చింది. నెవాడా పరీక్షల గాలి సోకిన కొన్ని జిల్లాలు అందులో మొదటినుంచీ ఉన్నాయి. ట్రినిటీ పక్క ఊళ్లవాళ్లను అందులో చేర్చింది 2025లో.